తాళంచెవి అడిగే రాజ్యం

2010 ఆగస్టు నెలాఖరు. దిల్లీలో ఒక గడువు ముగియబోతోంది. బ్లాక్‌బెర్రీ ఫోన్లలో సాగే సందేశాలను భద్రతా సంస్థలు చదవగలిగే ఏర్పాటును 31వ తేదీలోగా చేయాలని, లేకుంటే ఆ సేవలను నిలిపివేస్తామని కేంద్ర ప్రభుత్వం హెచ్చరించింది. హోంమంత్రి పి. చిదంబరం. ముంబయి దాడి జరిగి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అక్టోబరులో కామన్వెల్త్ క్రీడలు జరగాల్సి ఉంది. అదే ఆగస్టు మొదట్లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కూడా ఇలాంటి హెచ్చరికే చేసింది. దేశంలో బ్లాక్‌బెర్రీ వాడుతున్నవారు అప్పటికి సుమారు 10 లక్షల మంది. భారత టెలికాం లెక్కల్లో అది చిల్లర సంఖ్య. అయితే ఆ చిల్లరలో బ్యాంకు అధికారులు, బహుళజాతి కంపెనీల యజమానులు, రాజకీయ నాయకులు, విలేకరులు ఉన్నారు.

కెనడాలోని వాటర్లూ కేంద్రంగా ఆ ఫోన్లను తయారుచేసిన రిసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీ రెండు రకాల సేవలు నడిపేది. మామూలు ఖాతాదారుల మెయిళ్లు, మెసెంజర్ కబుర్లు కంపెనీ సొంత యంత్రాల గుండా పోతాయి కనుక వాటిపై దానికి పట్టు ఉంది. పెద్ద సంస్థలకు అమ్మిన కార్పొరేట్ సేవ వేరు. అందులో సందేశాలకు వేసే తాళాన్ని, దాని చెవిని ఆయా సంస్థలు తమ కార్యాలయంలోని సర్వర్‌లోనే తయారుచేసుకుంటాయి. తాళంచెవి తమ వద్ద లేదని, అన్నింటినీ తెరిచే మారుచెవి అసలు లేనే లేదని కంపెనీ పదేపదే చెప్పింది. హోంశాఖ నమ్మలేదు. తాళం అమ్మినవాడి దగ్గర మారుచెవి ఉండకపోతుందా అన్నది లోకానుభవం. కానీ ఈ తాళాలకు ఆ అనుభవం వర్తించదు.

గడువు 60 రోజులు పొడిగింది. ఆ తర్వాత మళ్లీ పొడిగింది. 2011 జనవరిలో మెసెంజర్‌కు, మామూలు మెయిళ్లకు ఒక ఏర్పాటు కుదిరింది. 2012లో ముంబయిలో కంపెనీ సర్వర్ వెలిసింది. 2013లో టెలికాం శాఖ ఆ ఏర్పాటుకు ఆమోదం తెలిపింది, కార్పొరేట్ సేవను మినహాయించి. అంటే ఇంత పోరులో చివరికి తెరుచుకున్నవి కాలేజీ విద్యార్థుల కబుర్లు, చిన్న వ్యాపారుల మెయిళ్లు. బోర్డురూముల ఉత్తరాలు మూసినవి మూసినట్లే ఉండిపోయాయి. ఈలోగా విద్యార్థులూ వ్యాపారులూ బ్లాక్‌బెర్రీని వదిలి వాట్సాప్‌కు తరలిపోతున్నారు. ప్రభుత్వం చేతికి వచ్చిన తాళంచెవి ఖాళీ అవుతున్న ఇంటిది.

ఇదే నాటకం రెండేళ్ల తర్వాత పాకిస్తాన్‌లో మరో రకంగా ముగిసింది. కార్పొరేట్ సర్వర్ల సేవను 2015 నవంబరు 30 నాటికి మూసివేయాలని అక్కడి టెలికాం అథారిటీ ఆ ఏడాది జులైలో ఆదేశించింది. సందేశాలన్నింటినీ చూసే వీలు కల్పించడం కన్నా ఆ విపణినే వదులుకుంటామని కంపెనీ బహిరంగంగా ప్రకటించింది. డిసెంబరు 31న ఇస్లామాబాద్ వెనక్కి తగ్గింది. భారత్‌లో మాట్లాడుకుని సర్దుకున్న కంపెనీ పాకిస్తాన్‌లో ఎదురు తిరగడంలో సూత్రబద్ధత ఎంత, విపణి పరిమాణం ఎంత అన్నది ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు. రెండు చోట్లా లేనిది ఒకటుంది. ఫోను వాడే పౌరుడికి ఆ చర్చల్లో కుర్చీ లేదు. న్యాయమూర్తికీ లేదు.

కంపెనీలను బలవంతపెట్టి తాళాలు తెరిపించవచ్చా అన్న ప్రశ్నను ప్రపంచమంతా ఆధునిక ప్రశ్నగా చర్చిస్తోంది. భారత ప్రభుత్వ దృష్టిలో దానికి జవాబు ఎప్పుడో దొరికింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి ఏర్పడినా, ప్రజా భద్రత కోరినా తంతిని ఆపవచ్చు, చదవవచ్చు. అత్యవసర పరిస్థితి నిజంగా ఉందా అన్న సందేహం వస్తే ప్రభుత్వ కార్యదర్శి సంతకం చేసిన పత్రమే తిరుగులేని రుజువని ఆ సెక్షన్ అప్పట్లో చెప్పేది. వలస పాలకుడికి ఇది సహజం. స్వతంత్ర భారత్ దాన్ని పాతికేళ్లు అలాగే మోసింది. 1972లో సవరించి ఆ ధ్రువపత్రాన్ని తీసివేసింది, దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపణ నివారణ అన్న ఐదు కారణాలను చేర్చింది. ఆ కారణాలు ఉన్నాయో లేదో తేల్చే అధికారాన్ని మాత్రం కార్యనిర్వాహక వర్గం చేతిలోనే ఉంచింది.

ఉత్తరాల విషయంలో ఒకే ఒక్కసారి అడ్డుకట్ట పడింది. 1986 డిసెంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోస్టాఫీసు సవరణ బిల్లును పార్లమెంటులో నెగ్గించుకుంది. పౌరుల ఉత్తరాలను విప్పి చదివేందుకు విస్తృతాధికారం ఇచ్చే ఆ బిల్లుపై రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. 1987 జులైలో పదవీకాలం ముగిసేదాకా అలాగే అట్టిపెట్టారు. ప్రధానితో ఆయనకున్న పేచీలు అందులో ఎంత పాలు పంచుకున్నాయో గానీ, పౌరుల ఉత్తరాలకు మాత్రం మేలే జరిగింది. తర్వాత వచ్చిన వెంకటరామన్ దాన్ని పునఃపరిశీలనకు పంపారు. అది చట్టం కాలేదు.

ఆ రోజుల్లో ఫోన్ ట్యాపింగ్ ప్రభుత్వాలను కూల్చేది. ట్యాపింగ్ ఆరోపణలతోనే 1988 ఆగస్టులో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1991 మార్చిలో రాజీవ్ ఇంటి వద్ద ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు పట్టుబడటం చంద్రశేఖర్ ప్రభుత్వ పతనానికి నిమిత్తమైంది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్‌పై సీబీఐ నివేదిక అదే ఏడాది బయటికి రావడంతో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18న వచ్చిన తీర్పు ఈ కథ మొత్తానికీ కీలకం. ఫోన్ సంభాషణ గోప్యత జీవించే హక్కులో భాగమని జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం చెప్పింది. ట్యాపింగ్‌కు ముందే న్యాయమూర్తి అనుమతి ఉండాలని పిటిషనర్ తరఫున రాజీందర్ సచార్ వాదించారు. చట్టంలో అలాంటి నిబంధన లేనప్పుడు తాము విధించలేమని కోర్టు తప్పుకుంది. హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి, ఉత్తర్వు రెండు నెలలు చెల్లుతుంది, మొత్తం ఆరు నెలలు దాటరాదు, అధికారుల సమీక్షా సంఘం పరిశీలించాలి అన్న మార్గదర్శకాలతో సరిపెట్టింది. ఆనాడు న్యాయమూర్తిని కూర్చోబెట్టని కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ కుర్చీ ఖాళీగా ఉండగానే తాళాల చట్టం వచ్చింది. 2000 నాటి ఐటీ చట్టం 69వ సెక్షన్ ప్రకారం సమాచారాన్ని విప్పడానికి సహకరించనివారికి ఏడేళ్ల దాకా జైలు. 2008 డిసెంబరులో, ముంబయి దాడి జరిగిన నెలలోపే, లోక్‌సభ గందరగోళం మధ్య చర్చ లేకుండా ఆమోదించిన సవరణ ఆ సెక్షన్‌ను ఇంకా విప్పార్చింది. టెలిగ్రాఫ్ చట్టం ‘ప్రజా అత్యవసర పరిస్థితి’ అనే గడపనైనా దాటమనేది. కొత్త సెక్షన్‌లో ఆ గడప లేదు. ‘ఏ నేరం దర్యాప్తుకైనా’ అన్న మాట చేరింది. విచిత్రమేమిటంటే ముంబయి దాడిలో సంకేతభాష అడ్డురానే లేదు. ముష్కరులు కరాచీలోని తమ సూత్రధారులతో మాట్లాడిన మాటలను మన సంస్థలు దాడి సాగుతుండగానే విన్నాయి. 2009 జనవరిలో పాకిస్తాన్‌కు అందజేసిన పత్రాల్లో ఆ సంభాషణలే ప్రధాన సాక్ష్యం.

కఠినమైన ఆ చట్టానికి 2009లో రాసిన నిబంధనల్లో ఒక చిన్న వాక్యం చోటు చేసుకుంది. కంపెనీ తానే తాళం వేసిన సమాచారానికి, లేదా తాళంచెవి తన అదుపులో ఉన్న మేరకే విప్పే ఆదేశం పరిమితమని 13వ నిబంధన చెబుతుంది. నేడు కోట్లాది భారతీయుల సందేశాలకు, ఫోన్లకు చట్టంలో దొరికే అరకొర రక్షణ ఈ వాక్యమే. 2016లో వాట్సాప్ సందేశాలన్నీ పంపినవారి ఫోనులో మూసుకుని అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకునే పద్ధతికి మారిపోయాయి. ఆపిల్ అప్పటికే తన ఫోన్ల తాళాన్ని యజమాని పాస్‌కోడ్‌తో ముడిపెట్టింది. తాళంచెవి కంపెనీ దగ్గర లేనప్పుడు 69వ సెక్షన్ బెదిరించినా ఫలితం ఉండదు. పార్లమెంటు, న్యాయస్థానం కట్టని గోడను ఇంజినీర్లు కట్టారు.

ఎన్‌క్రిప్షన్‌పై ప్రభుత్వ ఆలోచన ఎప్పుడూ ఒక్కమాట మీద లేదు. ఇంటర్నెట్ లైసెన్సుల్లో 40 బిట్‌లకు మించిన తాళం వాడాలంటే ముందస్తు అనుమతి పొందాలని, తాళంచెవిని ప్రభుత్వం దగ్గర జమచేయాలని షరతు ఉండేది. అదే సమయంలో ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు 128 బిట్‌ల తాళం వాడాలని 2001లో రిజర్వుబ్యాంకు సూచించింది. ఒక శాఖ నిషేధించినదాన్ని మరో సంస్థ తప్పనిసరి చేసింది. 2015 సెప్టెంబరులో విడుదలైన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా ఇంకో అడుగు ముందుకేసి, పౌరులు తమ సందేశాలను తాళం లేని రూపంలో 90 రోజులు దాచిపెట్టి అడిగినప్పుడు చూపాలంది. దేశమంతా నవ్వింది. మంత్రి రవిశంకర్ ప్రసాద్ సెప్టెంబరు 22న దాన్ని వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో మరో విధానం రాలేదు.

అమెరికాలో ఇదే ప్రశ్న 2016లో బహిరంగంగా తలెత్తింది. 2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపిన దుండగుల్లో ఒకడి ఐఫోన్ 5సి ఎఫ్‌బీఐ చేతికి చిక్కింది. పదిసార్లు తప్పు పాస్‌కోడ్ కొడితే సమాచారం చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ రక్షణను తొలగించే కొత్త సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వాలని 2016 ఫిబ్రవరి 16న మేజిస్ట్రేట్ షెరీ పిమ్ ఆపిల్‌ను ఆదేశించారు. ఆధారం 1789 నాటి చట్టం, మన టెలిగ్రాఫ్ చట్టానికి తాతమ్మ. ఆపిల్ తిరస్కరించింది. ఫిబ్రవరి 29న బ్రూక్లిన్‌లో జేమ్స్ ఓరెన్‌స్టీన్ అనే మరో మేజిస్ట్రేట్ ఇంకో కేసులో అదే చట్టం కింద ప్రభుత్వ కోరికను తోసిపుచ్చారు. శాన్ బెర్నార్డినో కేసు విచారణకు వచ్చే ముందురోజు ప్రభుత్వం వాయిదా కోరింది. బయటి సంస్థ సాయంతో ఫోన్ తెరుచుకుందని చెప్పి మార్చి 28న కేసు విరమించుకుంది. ఆపిల్ సాయం లేకుండా సాధ్యం కాదని కోర్టుకు చెప్పిన పని ఆరు వారాల్లో ఆపిల్ లేకుండానే జరిగిపోయింది.

ఆ కేసులో ఎవరు నెగ్గారన్నది తేలలేదు. కానీ ప్రభుత్వం ఏమి అడిగిందో, ఏ చట్టం కింద, ఏ ఫోను కోసం అడిగిందో ప్రపంచమంతా చదివింది. ఇద్దరు మేజిస్ట్రేట్లు రెండు రకాల ఉత్తర్వులు ఇచ్చారు. భారత్‌లో 69వ సెక్షన్ కింద జారీ అయ్యే ఆదేశం రహస్యం. దాన్ని అందుకున్న కంపెనీ గోప్యత పాటించాలి. దాని బారిన పడిన వ్యక్తికి ఎన్నటికీ తెలియదు, కనుక సవాలు చేయలేడు. అమెరికా వ్యవస్థ ఆదర్శమని కాదు, స్నోడెన్ బయటపెట్టిన సంగతులు ఎవరూ మరిచిపోలేదు. అయినా ఒక ఫోను తెరవడానికి న్యాయమూర్తి ముందు నిలబడి కారణం చెప్పాల్సి రావడం పెద్ద తేడా.

తాళాలు తెరవాలనేవారి వాదనను కొట్టిపారేయడం తేలిక కాదు. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠా అన్న అనుమానంతో ఐదుగురు సంచార జాతి మనుషులను గుంపు కొట్టి చంపింది. ఆ ఏడాది దేశంలో అనేక చోట్ల ఇలాంటి హత్యలు జరిగాయి. వెనుక వాట్సాప్ వదంతులున్నాయి. ఆ వదంతిని మొదట పుట్టించినవాడెవడని చనిపోయినవారి కుటుంబాలు అడిగితే, కనుక్కోలేమని రాజ్యం చేతులెత్తేయడం సమంజసమా? ఆ ప్రశ్న నుంచే 2021 ఐటీ నిబంధనల్లోని నాలుగో నిబంధన వచ్చింది. 50 లక్షలకు మించి వాడుకదారులున్న సందేశ సేవలు, కోర్టు గానీ అధికారి గానీ ఆదేశిస్తే, సందేశాన్ని మొదట పంపినవారిని గుర్తించాలి.

అయితే ఏ సందేశం రేపు నేరానికి దారితీస్తుందో ముందుగా తెలియదు కనుక, ఆ పని చేయాలంటే అన్ని సందేశాలపైనా గుర్తు వేసి ఉంచాలి. రాయిన్‌పాడా వదంతి కోసం పెళ్లి శుభలేఖలకూ ముద్ర పడుతుంది. పైగా సందేశం విదేశంలో పుడితే, దేశంలో దాన్ని మొదట పంపినవారినే మూలకర్తగా భావించాలని ఆ నిబంధన అంటుంది. దుబాయి నుంచి అన్న పంపిన హెచ్చరికను నిజమని నమ్మి ఊళ్లోవారికి చేరవేసిన చెల్లెలు చట్టం దృష్టిలో వదంతికి తల్లి అవుతుంది. రాయిన్‌పాడా హత్యలు సంత రోజున, పట్టపగలు, జనం నడుమ జరిగాయి. అక్కడ కొరవడింది సందేశాన్ని చదివే శక్తి కాదు. ఈ నిబంధనను సవాలు చేసిన వాట్సాప్, ఎన్‌క్రిప్షన్‌ను విడగొట్టమంటే దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దిల్లీ హైకోర్టుకు చెప్పింది. పాకిస్తాన్‌లో బ్లాక్‌బెర్రీ అన్న మాటే.

ప్రభుత్వం కోసం పెట్టిన తలుపు ప్రభుత్వానికే పరిమితం కాదన్నదానికి ఏథెన్స్ సాక్ష్యం. చట్టబద్ధ నిఘా కోసం వోడాఫోన్ గ్రీస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఉన్న సదుపాయాన్ని గుర్తు తెలియని వ్యక్తులు 2004-05లో స్వాధీనం చేసుకుని ప్రధాని కరమన్లిస్ సహా వందమందికి పైగా ప్రముఖుల ఫోన్లు విన్నారు. 2024లో చైనాకు చెందినవారిగా అమెరికా చెబుతున్న హ్యాకర్లు ఆ దేశ టెలికాం సంస్థల్లో చొరబడి, కోర్టు ఆదేశాలతో ట్యాపింగ్ చేసే వ్యవస్థలనూ తాకారు. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడమని పౌరులకు సలహా ఇచ్చింది అమెరికా అధికారులే.

కంపెనీ ఇవ్వకపోతే కొనుక్కోవచ్చు కూడా. పెగాసస్ స్పైవేర్‌తో ప్రపంచంలో సుమారు 1,400 మంది ఫోన్లపై గురిపెట్టారని 2019లో వాట్సాప్ బయటపెట్టింది. వారిలో భారత పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలున్నారు. 2021 అక్టోబరు 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం, జాతీయ భద్రత పేరు చెప్పినంత మాత్రాన ప్రభుత్వం విచారణ నుంచి తప్పించుకోలేదంటూ నిపుణుల కమిటీని వేసింది. కమిటీకి 29 ఫోన్లు అందాయి. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససేనని తేలలేదు. కేంద్రం తమకు సహకరించలేదని కమిటీ చెప్పినట్లు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

కేంద్రమొక్కటే కాదు. రాష్ట్రాల హోంశాఖ కార్యదర్శులకూ ఇవే అధికారాలున్నాయి. హైదరాబాద్‌లోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ప్రతిపక్షాల ఫోన్లు ట్యాప్ చేశారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన తర్వాత ఆధారాలు ధ్వంసం చేశారని ఆరోపిస్తూ 2024 మార్చిలో కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టులో తేలాలి. ప్రభుత్వం మారకపోయి ఉంటే ఆ ఆరోపణ కాగితం మీదికి వచ్చేదా అన్న ప్రశ్న మాత్రం కోర్టు తేల్చేది కాదు.

2023 డిసెంబరులో 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెన్షన్‌కు గురైన సమావేశాల్లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. జైల్‌సింగ్ ఆపిన అధికారం పోస్టాఫీసు చట్టం తొమ్మిదో సెక్షన్‌గా వచ్చింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో వచ్చిన టెలికాం చట్టం 20వ సెక్షన్‌లో ‘ప్రజా అత్యవసర పరిస్థితి’, ‘ప్రజా భద్రత’ అన్న 1885 నాటి మాటలే మళ్లీ కనిపిస్తాయి. ఈసారి సందేశాలను అర్థమయ్యే రూపంలో అందించాలన్న మాట కూడా తోడైంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పిన ఆరేళ్లకు రాసిన చట్టమిది. న్యాయమూర్తి అనుమతి అన్న మాట ఇందులోనూ లేదు.

నెలకు 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులను కేంద్రం జారీచేస్తోందని సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబును జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో ఉటంకించింది. వాటిని పరిశీలించాల్సిన సమీక్షా సంఘం రెండు నెలలకోసారి సమావేశమవుతుంది కనుక ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలి. ఎనిమిది గంటలు విరామం లేకుండా కూర్చుంటే నిమిషానికి 30కి పైగా. కేంద్రంలో ఆ సంఘం సభ్యులు ముగ్గురు: క్యాబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికాం కార్యదర్శి. కొత్త టెలికాం చట్టం కింద 2024 డిసెంబరులో వెలువడిన నిబంధనల్లోనూ ఆ ముగ్గురే ఉన్నారు. సమావేశం ఇప్పటికీ రెండు నెలలకోసారే.